కాగితం ఇవ్వని యజమాని - ముప్ఫై రోజుల గడువు

అమెరికాలో డల్లాస్ నగరాన్ని ఆనుకొని ఉన్న ఇర్వింగ్ పట్టణంలో, ఒక తెలుగు ఇంటికి జనవరి 10వ తేదీన మూడు పుటల ఉత్తరం వచ్చింది. పంపినది బీమా కంపెనీ. అందుకున్న వ్యక్తి తెనాలి నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన నెట్‌వర్కు ఇంజనీరు. వయస్సు 46 సంవత్సరాలు. వెన్నెముకకు రెండు పర్యాయాలు శస్త్రచికిత్స జరిగింది. అరగంటకు మించి కుర్చీలో కూర్చోలేడు. నొప్పి తగ్గడానికి వేసుకునే మందుల వల్ల మధ్యాహ్నం వేళకే మనస్సు మొద్దుబారిపోతుంది. ఆరు నెలలుగా ఉద్యోగానికి వెళ్ళడం లేదు. ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు. ఇంటి అప్పు నెలనెలా కట్టవలసి ఉన్నది.

ఉత్తరంలోని సారాంశం ఒక్క వాక్యం: "పాలసీలో నిర్వచించిన అర్థంలో మీరు అశక్తులు కారు, కనుక మీకు భృతి మంజూరు చేయలేకపోతున్నాము." నచ్చకపోతే 180 రోజులలోగా అప్పీలు చేసుకోవచ్చునని చివరి పేరాలో ఉన్నది.

ఆ పాలసీని ఆయన తన జన్మలో చూసి ఎరుగడు. పదకొండేళ్ళుగా జీతపు చీటీలో "దీర్ఘకాలిక అశక్తత" అనే పద్దు కింద కొన్ని డాలర్లు కోత పడుతూనే ఉన్నవి. ఉద్యోగంలో చేరిననాడు రంగురంగుల కరపత్రం ఒకటి ఇచ్చారు. అందులో నవ్వుతున్న కుటుంబం బొమ్మ ఉన్నది. జీతంలో 60 శాతం వస్తుందని పెద్ద అక్షరాలతో ఉన్నది. నిర్వచనం మాత్రం లేదు. తనను అశక్తుడు కాదని తేల్చిన మాటలేవో తనకే తెలియనప్పుడు ఆ తీర్పుకు జవాబు చెప్పడం ఎలాగ?

ఈ ఇంజనీరు ఊహించిన మనిషి. ఆయనకు ఎదురైన చిక్కులు మాత్రం ఊహించినవి కావు. అమెరికా ఫెడరల్ కోర్టుల తీర్పులు తిరగవేస్తే, యజమానిని పథకపు పత్రాలు అడిగి, నెలల తరబడి జవాబు రాక, చివరకు న్యాయస్థానం మెట్లెక్కిన ఉద్యోగులు అడుగడుగునా కనిపిస్తారు. అటువంటి వారికోసమే ఒక చట్టం ఉన్నది. అది పుట్టిన తీరు తెలుసుకోదగినది.

*

1963 డిసెంబరులో ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్‌లో స్టూడిబేకర్ మోటారు కార్ల కర్మాగారం మూతపడింది. కార్మికులకు పింఛను పథకం ఉండేది. కాని ఇచ్చిన మాటకు సరిపడ సొమ్ము నిధిలో లేదు. అరవయ్యేళ్ళు నిండినవారికీ, అప్పటికే పదవీ విరమణ చేసినవారికీ, అంటే సుమారు 3,600 మందికి పూర్తి పింఛను దక్కింది. నలభై నుంచి అరవై ఏళ్ళ మధ్యనున్న సుమారు 4,000 మందికి రావలసిన దానిలో 15 శాతం మాత్రం ముట్టింది. అంతకన్న చిన్నవాళ్ళకు ఏమీ రాలేదు. ఇరవై, ముప్ఫై ఏళ్ళు చెమటోడ్చినవారికి తమ పథకం లోపలి గుట్టు అది కుప్పకూలిన తరువాత గాని తెలియలేదు. న్యూయార్క్ సెనేటరు జేకబ్ జావిట్స్ మొదలైనవారు ఏళ్ళ తరబడి పట్టుపట్టగా, 1974 సెప్టెంబరు 2న, ఆ దేశపు కార్మిక దినోత్సవంనాడు, అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ ఉద్యోగుల విరమణ ఆదాయ భద్రతా చట్టంపై సంతకం చేశారు. ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలు కలిపి దానిని "ఎరీసా" అంటారు.

పేరులో "విరమణ" ఉన్నా అది పింఛన్లకే పరిమితం కాదు. ప్రైవేటు యజమానులు ఉద్యోగులకోసం నడిపే ఆరోగ్య, జీవిత, అశక్తతా బీమా పథకాలు చాలావరకు దాని పరిధిలోకి వస్తాయి. పథకం పెట్టి తీరాలని ఆ చట్టం యజమానిని నిర్బంధించదు. పెట్టిన తరువాత మాత్రం దానిని రహస్యంగా నడపడానికి వీలులేదంటుంది.

చట్టంలోని 104వ విభాగంలో నాలుగైదు పంక్తుల ఉపవిభాగం ఒకటి ఉన్నది. పథకంలో సభ్యుడైన ఉద్యోగి గాని, దానివల్ల లబ్ధి పొందవలసినవారు గాని వ్రాతపూర్వకంగా కోరితే, పథక నిర్వాహకుడు తాజా సంగ్రహ వివరణను, తాజా వార్షిక నివేదికను, కార్మిక సంఘంతో చేసుకున్న ఒప్పందం ఉంటే దానిని, ట్రస్టు పత్రాన్ని, కాంట్రాక్టును, ఇంకా ఏ పత్రాల ఆధారంగా పథకం ఏర్పడి నడుస్తున్నదో ఆ పత్రాలను ఇచ్చి తీరవలెను. ఇక్కడ "కాంట్రాక్టు" అంటే మన ఇంజనీరు విషయంలో ఆ బీమా పాలసీయే. నకళ్ళకు ఖర్చు వసూలు చేయవచ్చు గాని పుటకు 25 సెంట్లకు మించరాదు.

502వ విభాగం శిక్ష చెబుతుంది. కోరిక అందిన 30 రోజులలోగా పత్రాలు పంపకపోతే, ఆ తరువాత గడిచే ప్రతి రోజుకూ నిర్వాహకుడు ఉద్యోగికి జరిమానా చెల్లించవలసి రావచ్చు. 1974లో అది రోజుకు 100 డాలర్ల దాకా ఉండేది. 1997 జులై తరువాతి ఉల్లంఘనలకు 110 డాలర్లు చేశారు.

మన దేశపు పాఠకులకు ఈ లెక్క ఎక్కడో విన్నట్టు అనిపిస్తే ఆశ్చర్యం లేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టంలోనూ గడువు 30 రోజులే. ఆలస్యానికి రోజుకు 250 రూపాయలు, గరిష్ఠంగా 25,000 రూపాయలు జరిమానా. పోలిక అంతటితో సరి. మన చట్టం ప్రభుత్వ యంత్రాంగాన్ని అడగడానికి. ప్రైవేటు కంపెనీ గడప దగ్గర అది ఆగిపోతుంది. ఎరీసా ప్రధానంగా ప్రైవేటు యజమానిని ఉద్దేశించినది. మన జరిమానా ఖజానాకు పోతుంది. అక్కడిది అడిగినవాని చేతికే వస్తుంది, పైగా దానికి గరిష్ఠ పరిమితి లేదు. అయితే ఎంత వేయాలో, అసలు వేయాలో వద్దో న్యాయమూర్తి ఇష్టం. ఆ సంగతి తరువాత.

*

ఇర్వింగ్‌లోని ఇంజనీరుకు మొదట్లో ఈ చట్టం సంగతి తెలియదు. అందరూ చేసే పనే ఆయనా చేశాడు, ఫోను చేశాడు. కంపెనీ హెచ్.ఆర్. విభాగంలో పలికిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "అది బీమా కంపెనీ వ్యవహారం. పాలసీ వాళ్ళ దగ్గర ఉంటుంది. వాళ్ళనే అడగండి" అన్నది. బీమా కంపెనీకి చేస్తే, "పాలసీ మీ యజమాని పేరుమీద ఉన్నది. వారినే అడగండి" అన్నారు. మళ్ళీ హెచ్.ఆర్.కు చేస్తే, అంతా ఉద్యోగుల పోర్టల్‌లో ఉన్నదన్నారు. సెలవు మీద ఉన్నందువల్ల ఆ పోర్టల్‌లోకి వెళ్ళే అనుమతి ఆయనకు ఎప్పుడో తీసివేశారు. ఆ మాట చెబితే, కనుక్కొని చెబుతామన్నారు. వారం తరువాత ఈమెయిలులో ఒక జాబితా వచ్చింది. తెరిచి చూస్తే, నవ్వుతున్న కుటుంబం బొమ్మ ఉన్న ఆ పాత కరపత్రమే.

మూడు వారాలు ఈ విధంగా గడిచినవి. 180 రోజులలో అవి కూడా లెక్కే.

ఒక ఆదివారం తెనాలి నుంచి తండ్రి ఫోను చేశాడు. ఆయన పంచాయతీ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాడు. కొడుకు గోడంతా విని, "ఫోనులో అడిగితే అడిగినట్టు కాదు నాన్నా. కాగితం మీద పెట్టు. పంపినట్టు, ముట్టినట్టు రసీదు దగ్గర పెట్టుకో. తారీఖు లేని అర్జీ అర్జీయే కాదు" అన్నాడు. అమెరికా చట్టం పేరు కూడా వినని ఆ వృద్ధుడు చట్టంలోని ముఖ్యమైన మాటనే చెప్పాడు. చట్టం గుర్తించేది వ్రాతపూర్వకమైన కోరికను మాత్రమే. నోటిమాటగా వందసార్లు అడిగినా 30 రోజుల గడియారం కదలదు.

ఎవరికి వ్రాయాలి అన్నది రెండవ చిక్కు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. చెక్కులు పంపేది, ఉత్తరాలు వ్రాసేది, వైద్యులతో మాట్లాడేది, తిరస్కరించేది బీమా కంపెనీ కనుక ఉద్యోగి దానినే "నిర్వాహకుడు" అనుకుంటాడు. చట్టం దృష్టిలో పథక నిర్వాహకుడంటే పథకపు పత్రంలో ఆ పేరుతో నియమితుడైనవాడు. ఎవరినీ పేర్కొనకపోతే పథకాన్ని ఏర్పరచిన యజమానే నిర్వాహకుడు. ఆచరణలో నూటికి తొంభై పాళ్ళు అది యజమాని కంపెనీయే అవుతుంది. బీమా కంపెనీకి వ్రాసి, యజమానికి వ్రాయక, ఏడాది తరువాత జరిమానా కోరినవారికి చాలా కోర్టులు మొండిచెయ్యి చూపినవి; నిర్వాహకుని అడగలేదు గదా అన్నవి.

నిర్వాహకుడెవరో తెలిపే పత్రమే చేతిలో లేనప్పుడు ఆ పేరు ఎలా తెలుస్తుంది? దానికొక దొడ్డిదారి ఉన్నది. సభ్యులు వందకు తగ్గని పథకాలు ఏటా 5500 నంబరు ఫారంలో ప్రభుత్వానికి నివేదిక దాఖలు చేయాలి. ఆ నివేదికలను కార్మిక శాఖ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. అందులో నిర్వాహకుని పేరు, చిరునామా, పథకం సంఖ్య ఉంటాయి. జతచేసిన పట్టికలో బీమా కంపెనీ పేరు, కట్టిన ప్రీమియం ఉంటాయి. పింఛను పథకాలకు 001 నుంచి, ఆరోగ్య, అశక్తతా పథకాలవంటివాటికి 501 నుంచి సంఖ్యలు వేయడం రివాజు. ఇంజనీరు భార్య రాత్రి పిల్లలు పడుకున్న తరువాత వెదికి ఆ నివేదికను పట్టుకున్నది. నిర్వాహకుని గడిలో ఉన్నది యజమాని కంపెనీ పేరే.

"ఏమండీ, ఫోనులో అది బీమావాళ్ళ వ్యవహారమన్నారు. ఇక్కడ వాళ్ళే సంతకం పెట్టి, నిర్వాహకులం మేమే అని ప్రభుత్వానికి చెప్పుకున్నారు, చూడండి" అన్నది ఆమె.

*

ఫిబ్రవరి 3న ఉత్తరం వెళ్ళింది. ఒక పుటకు మించలేదు. పైన "పథక నిర్వాహకునికి" అని సంబోధన. కింద కంపెనీ ప్రధాన కార్యాలయపు చిరునామా. ఎరీసా 104వ విభాగం ప్రకారం ఈ పత్రాలు కోరుతున్నానని మొదటి వాక్యం. అశక్తతా పథకపు మూలపత్రం, దానికి జరిగిన సవరణలన్నీ, సంగ్రహ వివరణ, బీమా కంపెనీ జారీచేసిన గ్రూపు పాలసీ, సర్టిఫికెట్టు, తాజా వార్షిక నివేదిక అని విడివిడిగా పేర్కొన్నాడు. తాను అశక్తుడైన తేదీనాటికి అమలులో ఉన్న ప్రతిని, ఈనాటి ప్రతిని కూడా అడిగాడు. పాలసీలు మధ్యలో మారుతూ ఉంటాయి. నకళ్ళ ఖర్చు ఇవ్వడానికి సిద్ధమని ఒక వాక్యం. కోపం, నిష్ఠూరం, ఆరోగ్య చరిత్ర ఏమీ లేవు. ఈ ఉత్తరాన్ని రేపు న్యాయమూర్తి చదవవచ్చునన్న ఎరుకతో వ్రాయడం మంచిది. అప్పుడు దానంతట అదే పొట్టిగా వస్తుంది. ముట్టినట్టు సంతకంతో రసీదు తిరిగివచ్చే సర్టిఫైడ్ తపాలాలో పంపారు. 6వ తేదీన చేరినట్టు రసీదు వచ్చింది. తెనాలి నుంచి ఏటా వచ్చే తెలుగు క్యాలెండరులో మార్చి 8వ తేదీ చుట్టూ ఆమె సున్న చుట్టింది.

అదే రోజున బీమా కంపెనీకి వేరొక ఉత్తరం వ్రాశారు. అది వేరే హక్కు. క్లెయిం తిరస్కరించినప్పుడు, ఆ నిర్ణయానికి సంబంధించిన పత్రాలన్నీ, అంటే వైద్యుల నివేదికలు, కంపెనీ నియమించిన డాక్టరు అభిప్రాయం, వృత్తి నిపుణుని అంచనా, లోపలి మార్గదర్శకాలు మొదలైనవి, కోరిన ఉద్యోగికి పైసా తీసుకోకుండా ఇవ్వాలని కార్మిక శాఖ నిబంధన చెబుతున్నది. ఈ రెండు కట్టలూ వేర్వేరు. మొదటిది ఆట నియమాలు చెబుతుంది. రెండవది ఆట ఎలా ఆడారో చెబుతుంది. ఒకటే ఉంటే సగం కళ్ళతో చదివినట్టే.

క్లెయిం కట్ట మూడు వారాలలో వచ్చింది. నాలుగు వందల పైచిలుకు పుటలు. యజమాని నుంచి ఏమీ రాలేదు.

యజమానులు ఎందుకు ఇవ్వరు? దురుద్దేశం అనుకోవడం సులభం. కొన్ని చోట్ల అది నిజం కూడాను. కాని చాలాచోట్ల కారణం ఇంతకన్న నీరసమైనది. చిన్న, మధ్యతరహా కంపెనీలలో "పథకపు మూలపత్రం" అని విడిగా ఎవరూ వ్రాయించి ఉండరు. బీమా ఏజెంటు తెచ్చిన పాలసీని సొరుగులో పడవేసి ఉంటారు. ఆ సొరుగు తెరిచిన గుమస్తా మానివేసి ఉంటాడు. కొత్తగా వచ్చిన వ్యక్తికి తాను చట్టరీత్యా నిర్వాహకుని ప్రతినిధినన్న సంగతే తెలియదు. మరికొన్ని చోట్ల న్యాయ విభాగం "ఏమీ పంపవద్దు" అని ఒక్క ముక్క అంటుంది; అందరూ మౌనం వహిస్తారు. కారణం ఏదైనా అనుభవించేది మంచంమీద ఉన్నవాడే.

అడగవలసినవాడు అడగడానికి వెనుకాడటం ఇంకొక సంగతి. వీసా కంపెనీతో ముడిపడి ఉన్న మనవాళ్ళలో ఈ జంకు మరీ ఎక్కువ. ఉత్తరం వ్రాస్తే ఉద్యోగం తీసివేస్తారేమో, కాగితాలు ఆగిపోతాయేమో అని. ఆ భయాన్ని కొట్టిపారవేయడానికి వీలులేదు. కాని పథకపు హక్కులు వినియోగించుకున్నందుకు ఉద్యోగిని తొలగించడం, శిక్షించడం, వివక్ష చూపడం నిషిద్ధమని ఎరీసా 510వ విభాగం స్పష్టంగా చెబుతున్నది. పథకంలో సభ్యుడు ఎవరో చెప్పేచోట చట్టం "ఉద్యోగి, మాజీ ఉద్యోగి" అన్నదే గాని ఏ దేశపు పౌరుడని అడగలేదు.

మార్చి 8 దాటింది. 9వ తేదీన రెండు పనులు చేశారు. మొదటి ఉత్తరం నకలు, రసీదు నకలు జతచేసి, గడువు ముగిసిందనీ 502వ విభాగం కింద రోజువారీ జరిమానా వర్తిస్తుందనీ నాలుగు వాక్యాల జ్ఞాపిక పంపారు. తరువాత కార్మిక శాఖలో ఉద్యోగుల ప్రయోజనాలను చూసే విభాగానికి ఫోను చేశారు. అక్కడ సలహాదారులుంటారు, రుసుము లేదు, వకీలు అవసరం లేదు. సలహాదారు యజమానికి ఫోను చేసి, చట్టం ఇలా ఉన్నదని మృదువుగా గుర్తుచేస్తాడు. కావలసివస్తే పథకపు పత్రాలను తమకే సమర్పించమని ప్రభుత్వశాఖ అడగవచ్చు. అప్పుడు ఇవ్వననడానికి వీలుండదు. చాలా తగాదాలు ఆ ఒక్క ఫోనుతో తెమిలిపోతాయి. ఉద్యోగి పదిసార్లు అడిగినా దొరకని కాగితం ప్రభుత్వోద్యోగి ఒక్కసారి అడగగానే దొరకడం మన దేశంలోనే కాదు, అక్కడా ఉన్నది కాబోలు.

ఏప్రిల్ 2న బరువైన కవరు వచ్చింది. గడువు దాటి అప్పటికి 25 రోజులు.

*

ఆ కవరులో ఏమున్నదో చూస్తే ఇంత తాపత్రయం ఎందుకో బోధపడుతుంది.

మొట్టమొదట అశక్తత నిర్వచనం. తొలి 24 నెలలు "సొంత వృత్తి"లోని ముఖ్యమైన విధులు నిర్వర్తించలేకపోతే చాలు. ఆ తరువాత చదువుకూ అనుభవానికీ తగిన "ఏ వృత్తి" అయినా చేయలేనివాడు అయి ఉండాలి. ఇది దాదాపు సర్వసాధారణమైన ఏర్పాటు. కరపత్రంలో దీని ఊసు లేదు. పైగా "సొంత వృత్తి" అంటే తన కంపెనీలో తాను చేసే పని కాదట. దేశం మొత్తంమీద ఆ వృత్తి మామూలుగా ఎలా సాగుతుందో అది. ఇప్పుడు క్లెయిం కట్టను పక్కన పెట్టుకొని చదివితే తిరస్కారంలోని డొల్లతనం కనిపించింది. కంపెనీ డాక్టరు ఈయన ఎన్ని పౌన్ల బరువు ఎత్తగలడో లెక్కవేసి, "కూర్చొని చేసే పని" చేయగలడని తేల్చాడు. ఎంతసేపు కూర్చోగలడో వ్రాయలేదు. నెట్‌వర్కు ఇంజనీరు వృత్తిలో బరువులెత్తడం కాదు, గంటల తరబడి ఏకాగ్రత ముఖ్యమైన విధి. మందుల మత్తు సంగతి నివేదికలో ఒక్క ముక్క లేదు. నిర్వచనంలోని "ముఖ్యమైన విధులు" అన్న రెండు మాటలు కళ్ళబడేదాకా ఈ లోపం ఆయనకు తట్టనే లేదు.

రెండవది కోత. ప్రభుత్వ సోషల్ సెక్యూరిటీ నుంచి అశక్తతా భృతి వస్తే, వచ్చిన ప్రతి డాలరునూ బీమా కంపెనీ తన చెల్లింపులోంచి తగ్గించుకుంటుంది. భృతి ముందుగా వచ్చి ప్రభుత్వ మంజూరు వెనుక వస్తే, అధికంగా చెల్లించినదంతా తిరిగి ఇవ్వాలి. తెలియక ఆ మొత్తాన్ని ఇంటి అప్పుకు కట్టివేసినవాడు తరువాత బీమా కంపెనీకే బాకీ పడతాడు.

మూడవది, చివరి పుటల్లో చిన్న అక్షరాలతో ఉన్న గడువు: నష్ట నిరూపణ సమర్పించవలసిన తేదీ నుంచి మూడేళ్ళు దాటిన తరువాత దావా వేయరాదు. అప్పీలు తిరస్కరించిన తేదీ నుంచి కాదు; నిరూపణ తేదీ నుంచి. అంటే అప్పీళ్ళు నడుస్తూ ఉండగానే దావా గడువు కరిగిపోతూ ఉంటుంది. అటువంటి షరతు చెల్లుతుందని 2013 డిసెంబరులో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ కేసు వాల్‌మార్ట్‌లో పనిచేసిన ఒక ఉద్యోగినిది. అప్పీలు తుది తిరస్కారం తరువాత మూడేళ్ళ లోపునే ఆమె దావా వేసింది. నిరూపణ తేదీ నుంచి లెక్కిస్తే గడువు మించిపోయింది. 2018 ఏప్రిల్ 1 తరువాత దాఖలయ్యే అశక్తతా క్లెయిములలో, తుది తిరస్కారపు ఉత్తరంలోనే ఆ గడువు ముగిసే తేదీ తెలపాలని నిబంధన వచ్చింది. అది కొంత మేలు. కాని అప్పటికి మిగిలేది ఎన్ని నెలలో ముందే తెలియాలంటే పాలసీ చదవవలసిందే.

నాలుగవది కంటికి ఆనని వాక్యం: పథకపు షరతులకు అర్థం చెప్పే "విచక్షణాధికారం" బీమా కంపెనీకి ఇవ్వబడినదని. 1989లో ఫైర్‌స్టోన్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం, ఇటువంటి వాక్యం పత్రంలో లేకపోతే న్యాయమూర్తి విషయాన్ని కొత్తగా విచారిస్తాడు. ఉంటే, కంపెనీ నిర్ణయం అకారణమా కాదా అన్నదే చూస్తాడు. ఒక్క వాక్యంతో త్రాసు ఒకవైపు మొగ్గుతుంది. కాలిఫోర్నియా, ఇల్లినాయ్, టెక్సాస్ వంటి కొన్ని రాష్ట్రాలు బీమా పాలసీలలో అటువంటి వాక్యాలను నిషేధించినవి. కనుక మన ఇంజనీరు దావా దాకా వెళితే ఆ వాక్యం చెల్లదని వాదించవచ్చు. కాని అది ఉన్నదని తెలిసినవాడే గదా వాదించగలిగేది!

సంగ్రహ వివరణ చాలునని కొందరు యజమానులు అదొక్కటే పంపి ఊరుకుంటారు. చాలదు. సంగ్రహ వివరణ పథకాన్ని గురించి చెబుతుందే గాని, అదే పథకపు షరతులు కాదని 2011లో సిగ్నా కంపెనీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రెండింటికీ పొంతన కుదరకపోవడం అరుదు కాదు.

ఇంత ముందుగా పత్రాలు సంపాదించవలసిన అగత్యం ఇంకొకటి ఉన్నది. తరువాత కోర్టుకు వెళితే సాక్షులను పిలిచి కొత్తగా విచారణ జరపడం సాధారణంగా ఉండదు. అప్పీలు ముగిసేనాటికి కట్టలో ఏ కాగితాలున్నాయో వాటినే చాలావరకు న్యాయమూర్తి చదువుతాడు. అప్పీలే అసలు విచారణ అన్నమాట. అందులో పెట్టని వైద్యుని ఉత్తరం తరువాత ఎంత విలువైనదైనా పనికిరాకపోవచ్చు.

*

జరిమానా మాటేమిటి? 25 రోజులకు రోజుకు 110 చొప్పున 2,750 డాలర్లు. కాని దానికోసం ఫెడరల్ కోర్టులో దావా వేయాలి. న్యాయమూర్తి యజమాని దురుద్దేశాన్నీ, ఉద్యోగికి జరిగిన నష్టాన్నీ తూచి, ఏమీ వేయకుండానూ ఉండవచ్చు. పాతిక రోజుల ఆలస్యానికి, అప్పీలు గడువు ఇంకా మూడు నెలలుండగా, పెద్దగా దక్కకపోవచ్చు. ఏళ్ళ తరబడి దాచినవారికీ, అబద్ధమాడినవారికీ మాత్రం వేల డాలర్లు పడిన తీర్పులున్నవి. ఉద్యోగి చేతిలో ఈ నిబంధన ముఖ్యంగా బెత్తం వంటిది. కొట్టడంకన్న చూపించడంలోనే దాని ప్రయోజనం ఎక్కువ.

ఈ బెత్తం అందరికీ అందదు. ప్రభుత్వోద్యోగుల పథకాలూ, చర్చిల పథకాలూ ఎరీసాకు వెలుపల ఉన్నవి. స్వల్పకాలపు అనారోగ్యానికి కంపెనీ తన ఖజానా నుంచే జీతం కొనసాగిస్తే అదీ చాలాసార్లు దీని కిందికి రాదు. చేతిలోని పథకం దేనికి చెందినదో ముందు చూసుకోవాలి; టీచరుగానో, పురపాలక సంఘంలోనో పనిచేసేవారు ఆ రాష్ట్రపు సమాచార చట్టం తలుపు తట్టవలసి ఉంటుంది. ఎరీసా కింద కూడా అడిగిన ప్రతి కాగితమూ రాదు. పథకాన్ని ఏర్పరచి నడిపే పత్రాలకే ఈ హక్కు అనీ, కంపెనీ లోపలి సమావేశాల మినిట్సు, ఉత్తరప్రత్యుత్తరాలు దానిలోకి రావనీ చాలా కోర్టులు బిగించి అర్థం చెప్పినవి.

ఇర్వింగ్‌లో ఏప్రిల్, మే నెలలు అప్పీలు తయారీలో గడిచినవి. శస్త్రచికిత్స చేసిన వైద్యునికి పాలసీలోని నిర్వచనాన్ని ఉన్నదున్నట్టు పంపి, ఆ మాటలకే జవాబు వ్రాయమని కోరారు. అంతకు ముందు ఆయన వ్రాసిన ఉత్తరంలో "రోగి పనిచేయలేడు" అని మాత్రం ఉండేది. ఈసారి ఎంతసేపు కూర్చోగలడు, ఏ మందు ఏ వేళకు ఎలా పనిచేస్తుంది, ఏకాగ్రతకు ఎంత భంగం అన్నవి వరుసగా వ్రాశాడు. వృత్తి నిపుణుడొకరు నెట్‌వర్కు ఇంజనీరు పనులు దేశమంతటా ఎలా ఉంటాయో నాలుగు పుటల్లో వివరించాడు. భార్య ఇంటి దినచర్యను రెండు పుటలలో వ్రాసింది. ఎన్ని గంటలకు లేస్తాడు, ఎప్పుడు పడుకుంటాడు, చిన్నవాడి లెక్కల పుస్తకం ముందు ఎంతసేపటికి లేచి వెళ్ళిపోతాడు అనేవి.

180 రోజుల గడువు జులై 9తో ముగుస్తుంది. జూన్ 20న అప్పీలు కట్ట సర్టిఫైడ్ తపాలాలో వెళ్ళింది. 23వ తేదీన ముట్టినట్టు రసీదు వచ్చింది. అప్పీలుపై నిర్ణయం మొదటి నిర్ణయం చేసినవారుగాని, వారి కింద పనిచేసేవారుగాని చేయరాదు. 45 రోజులలో చేయాలి. ప్రత్యేక కారణం చూపితే మరొక 45 రోజులు తీసుకోవచ్చు. ఆ రాత్రి ఆమె రసీదును ఫైలులో గుచ్చి, వంటింటి గోడకు వేలాడుతున్న తెలుగు క్యాలెండరులో ఆగస్టు నెల తిప్పి, 7వ తేదీ చుట్టూ సున్న చుట్టింది.